కనుమ కోట తలుపు

ఓడిపోయినందుకు భానుశ్రీ ఏడవలేదు. కోటలాటలో ఓడిపోవడం ఆమెకు కొత్త కాదు. ఒంటికి కారం రాసినట్టు మండింది ఒకే ఒక్క వాక్యానికి. "పూతలపట్టు కోట తలుపు లోపలి నుంచే తెరిచినారు." రాసింది శత్రువు కాదు, సొంత జట్టు నాయకుడు మునిరత్నం. చాటుగా కూడా రాయలేదు, ఆ ఆట ఆడేవాళ్ళంతా చదివే బోర్డు మీద రాశాడు. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు అంత సులువుగా పడని రోజులవి కాబట్టి తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కాడు. అయినా అందరికీ శుభ్రంగా అర్థమైంది.

ఇది రెండువేల మూడో సంవత్సరం నాటి సంగతి. ఇంటర్నెట్‌లో ఆడే ఆ ఆటకు ఇంగ్లీషులో మూరెడు పేరొకటి ఉండేది. చిత్తూరు జిల్లా వాళ్ళు ఆ పేరును పక్కన పడేసి కోటలాట అనేవాళ్ళు. అందులో బొమ్మలు తక్కువ, అంకెలు ఎక్కువ. ఒక్కొక్కరికి ఒక కోట, కొంత సేన ఇస్తారు. చుట్టుపక్కల కోటల వాళ్ళు జట్టు కడతారు. ఒక కోట మీదికి శత్రువు వస్తే రెండో కోట సాయం పంపాలి. ఆ సేన దారి నడిచి చేరడానికి నిజంగానే గంటలు పడుతుంది. అలా నెలల తరబడి ఒక యుద్ధం సాగి ముగిశాక అందరి కోటలూ చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి ఆడిస్తారు. కోటలు చెరుగుతాయి గానీ పేర్లు చెరగవు. ఫలానావాడు మాట మీద నిలబడ్డాడనీ, ఫలానావాడు వెన్నుపోటు పొడిచాడనీ బోర్డు మీద మిగిలే ఉంటుంది. తలుపు తెరిచిన మనిషి అని పేరు పడితే తర్వాతి యుద్ధంలో ఏ జట్టూ దగ్గరికి రానివ్వదు.

ఆటే కదా, దీనికింత రాద్ధాంతమా అనేవాళ్ళు ఉంటారు. పేకాటలో దొంగముక్క వేశాడని అన్నదమ్ములు మాటలు మానుకున్న ఊళ్ళు మనవి. ఆటలో పడ్డ మచ్చ ఆటతోనే పోతుందని చెప్పేవాళ్ళు జన్మలో ఏ ఆటా మనసు పెట్టి ఆడి ఉండరు.

భానుశ్రీ మనసు పెట్టే ఆడింది. డిగ్రీ అయ్యాక పూతలపట్టు కూడలిలో నాయన చెంగయ్య అంగట్లో కూర్చునేది. ముందువైపు ఎరువులు, పురుగుమందులు. పక్కన అద్దాల ఎస్టీడీ బూతు. ఆ మూలకు ఒక కంప్యూటర్, దానికి విడిగా ఒక ఫోను లైను. పెళ్ళి కుదిరేదాకా కాలక్షేపానికి కూర్చుందిలే అని చుట్టాలు అనుకునే ఆ కుర్చీలోంచి ఆమె కనుమ కోటను ఏలింది. ఆమె ఊరి పేరు పెట్టి జట్టువాళ్ళు దాన్ని పూతలపట్టు కోట అనేవాళ్ళు. చెన్నై కుర్రాళ్ళ జట్టుకూ, మునిరత్నం నడిపే ఎర్రచందనం జట్టుకూ మధ్యన ఉన్న దారి కోట అది. అది పడితే వెనకున్నవన్నీ వరసగా పడతాయి. అలాంటి కోటను జట్టు ఆమె చేతిలో పెట్టింది. ఇంట్లో బీరువా తాళం కూడా ఎవరూ ఆమె చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. అందుకే కనుమ కోట అంటే ఆమెకు అంత మమకారం.

చెన్నై వాళ్ళు సైన్యం లెక్కలు చూసుకుని ఆడితే, ఎర్రచందనం వాళ్ళు కరెంటు కోత లెక్కలు చూసుకుని ఆడేవాళ్ళు. తిరుపతిలో పొద్దున పోతుంది, పూతలపట్టులో మధ్యాహ్నం పోతుంది, తడలో దాని ఇష్టం. ఏ ఊళ్ళో కరెంటు పోతే ఆ కోటకు ఆ వేళ కరెంటున్న ఊరివాళ్ళు కాపలా కాయాలి, సాయం పంపాలి. ఈ ఏర్పాటుతోనే వాళ్ళు తమకంటే పెద్ద జట్టును అన్నాళ్ళు నిలవరించారు.

కోట పడింది మాత్రం బ్రహ్మోత్సవాల్లో, గరుడసేవ నాడు. చెన్నై సేన దూరాన కనపడగానే భానుశ్రీ తిరుపతికి కబురు పెట్టింది. ఆమెకు సాయం పంపాల్సింది అమర్‌నాథ్, మునిరత్నం బామ్మర్ది. అక్కాబావల ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతూ, చదువు కంటే ఎక్కువగా బావ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆటాడేవాడు. పంపుతున్నానని అతని నుంచి బదులు వచ్చింది. అంతలో పూతలపట్టులో కరెంటు పోయింది. మధ్యాహ్నం పోవలసింది పొద్దున్నే ఎందుకు పోయిందని ఆమె విసుక్కుంటే, చెంగయ్య బస్తాల మీద నుంచి తల తిప్పకుండానే సంగతి చెప్పాడు.

"ఈ పొద్దు గరుడసేవ గదా పాపా. తిరపతికి కరెంటు ఆపరు. మన లైన్లో పీకి ఆడ పెడతారు."

సరే, తిరుపతిలో కరెంటు ఉంటే అమర్‌నాథ్ చూసుకుంటాడులే అనుకుంది. అయినా మనసు ఊరుకోక బూతులోంచి మునిరత్నం సెంటరుకు ఫోను చేసింది. ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎంగేజ్. భోజనానికి కూడా లేవకుండా ఆ మోతనే వింటూ కూర్చుంది. కరెంటు వచ్చి, మోడెం కూతపెట్టి లైను కలిపేసరికి కోట మీద చెన్నై జెండా ఎగురుతోంది. తిరుపతి నుంచి ఒక్క గుర్రం కూడా బయల్దేరలేదు. ఆ వారంలోనే ఎర్రచందనం ఆనవాలు లేకుండా పోయింది.

ఆ తర్వాత బోర్డు మీద అమర్‌నాథ్ రాశాడు, ఆ పొద్దు సాయం పంపేలోపే తిరుపతిలో కరెంటు పోయింది, సెంటరు మూసేశాం, నేనేం చేసేదని. దాని కిందనే మునిరత్నం తలుపు మాట రాశాడు. కోట దగ్గర ఆమె లేదు, అడ్డుకున్న ఆనవాలు లేదు, కాబట్టి తెరిచే ఉంటుందని జనం నమ్మేశారు. అంతకు ముందు ఆమె మాట కోసం కాచుకునే వాళ్ళు కూడా ఆమె కబుర్లకు బదులివ్వడం మానేశారు.

భానుశ్రీ కోపం చల్లారాక ఆలోచించింది. ఆలోచించాక కోపం ఇంకా పెరిగింది. మునిరత్నం సెంటరుకు ఉన్నది ఒకే ఫోను లైను. ఇంటర్నెట్‌కూ అదే, మాటలకూ అదే. కరెంటు లేకపోతే మోడెం ఆగిపోతుంది. మోడెం ఆగితే ఫోను ట్రింగ్ ట్రింగ్‌మని మోగాలి. అంతసేపు ఎంగేజ్ వచ్చిందంటే అక్కడ ఎవరో కంప్యూటర్ ముందు కూర్చునే ఉన్నారు. ఈ ముక్క బోర్డు మీద రాయవచ్చు. కానీ బోర్డు మీద వాదన ఎవరు ఎక్కువసార్లు రాస్తే వాళ్ళది అవుతుంది. మొహం చూసి అడగాలని ఆమె తీర్మానించుకుంది.

అడిగే చోటు ఉండనే ఉంది. యుద్ధం ముగిసిన తర్వాత ఒక ఆదివారం జట్టంతా మునిరత్నం సెంటర్లో కూడి, ఎవరి యుద్ధం వాళ్ళు చెప్పుకోవడం ఎర్రచందనం ఆనవాయితీ. ఈసారి భానుశ్రీకి రమ్మని కబురు రాలేదు. రావద్దని కూడా రాలేదు కాబట్టి ఆమె పొద్దున్నే తయారైంది. ఆట కోసం తిరుపతి దాకా పోవాలా అని చెంగయ్య గొణిగాడు.

"ఆటకి కాదు నాయనా. నా పేరు ఆడ పడుండాది. పోయి తెచ్చుకోవల్ల," అంది. చెంగయ్యకు ఏం అర్థమైందో గానీ మరి అడ్డుచెప్పలేదు.

సెంటరు అలిపిరికి పోయే దారిలో ఒక మేడ మీద ఉంది. కింద మునిరత్నం కాపురం. భానుశ్రీ మెట్లెక్కి గుమ్మంలో నిలబడగానే లోపలి మాటలు ఆగిపోయాయి. మునిరత్నం ముందుగా తేరుకుని, రా భానూ కూర్చో అన్నాడు. ముప్పై దాటిన మనిషి, మాటకారి, ఎవరినైనా నవ్వుతూ పలకరిస్తాడు. ఆ మూల అమర్‌నాథ్ కీబోర్డు మీద దుమ్ము దులుపుతూ తల ఎత్తలేదు. తడ నుంచి వచ్చిన చక్రధర్ మాత్రం జరిగి తన పక్కన చోటిచ్చాడు. సరిహద్దులో లారీల ఆఫీసులో గుమాస్తా అతను. తమిళం బాగా వచ్చు కాబట్టి చెన్నై వాళ్ళతో సంధి మాటలు అతనే నడిపేవాడు, అందుకే ఓడిన ప్రతిసారీ అనుమానం మొదట అతని మీదికే పోయేది. ఇంకా ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలున్నారు. మునిరత్నం భార్య ప్రసన్నకుమారి ఇడ్లీలు, చట్నీ తెచ్చి అందరికీ పెట్టింది.

తిన్నాక గద బయటికి వచ్చింది. గద అంటే తోక కోసేసిన పాత మౌసు. ఎప్పుడో పాడైతే పారెయ్యబుద్ధి కాక మునిరత్నం దాచాడు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా రెండోవాడు నోరెత్తకూడదు. పుచ్చుకున్నాక చెప్పకుండా పక్కవాడికి ఇవ్వకూడదు. అరుచుకోకుండా ఉండాలని మునిరత్నమే పెట్టిన నియమం ఇది, ఇంతవరకూ ఎవరూ తప్పలేదు.

మొదట మునిరత్నం చెప్పాడు. హరికథ చెప్పినంత బాగా చెప్పాడు, మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డాడు కూడా. కనుమ కోట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, ఆ సంగతి మళ్ళీ ఎత్తను, చిన్నపిల్ల, భయపడి ఉంటుంది, పోనీలెమ్మన్నాడు. తిట్టినా బాగుండేది. తను చెయ్యని తప్పును అతను క్షమిస్తుంటే భానుశ్రీకి చెంపలు వేడెక్కాయి. పళ్ళు బిగబట్టి తన వంతు కోసం కూర్చుంది.

తర్వాత గద చక్రధర్ చేతికి వచ్చింది. ఈసారి ద్రోహి పేరు తనకు తప్పినందుకు ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టుకుంటానని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వులోనే ఇంకో మాట చెప్పాడు. చెన్నై వాళ్ళను తమిళంలో అడిగాడట. తలుపు తెరిచి ఉండడమేమిటి, దాన్ని బద్దలు కొట్టడానికి మా సేన సగం చచ్చింది అన్నారట వాళ్ళు. మునిరత్నం పైకప్పు వైపు చూశాడు. ఆ తర్వాత అమర్‌నాథ్ గద పట్టుకుని, కరెంటు లేదు కాబట్టి తను చేసిందేమీ లేదని గబగబా అప్పజెప్పి వదిలించుకున్నాడు.

గద భానుశ్రీ చేతికి వచ్చింది. రాత్రంతా మనసులో కట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టేసింది.

"నాది పెద్ద కథేం కాదు. ఒకటే అడగల్ల. అమర్‌ని కాదు, నిన్నే అన్నా. గరుడసేవ పొద్దు నీ సెంటర్లో కరెంటు ఉండెనా, లేదా?"

మునిరత్నం చిన్నగా నవ్వాడు. గద నీ చేతిలో ఉంటే నేనెట్లా మాట్లాడేది, నియమం తప్పకూడదు కదా అన్నాడు. మాటకారులు ఇలాంటి సందుల్లోంచే జారిపోతుంటారు. భానుశ్రీ లేచి వెళ్ళి గద అతని ముందుకు చాచింది.

"ఇంద. ఇప్పుడు చెప్పు."

అందరూ చూస్తున్నారు. పుచ్చుకోక తప్పలేదు. పుచ్చుకున్నాక చెప్పక తప్పదు. మునిరత్నం ఆ తోకలేని మౌసును అటూ ఇటూ తిప్పాడు. ఆమె కుర్చీలోకి వెళ్ళకుండా అక్కడే నిలబడి, తను ఆ నాడు ఫోను చేసిన సంగతీ, అంతసేపు ఎంగేజ్ వచ్చిన సంగతీ నోటిదాకా వచ్చినా చెప్పకుండా ఆపుకుంది. అతని నోటితోనే రావాలి. అమర్‌నాథ్ ఏదో అనబోతే చక్రధర్ చెయ్యెత్తి ఆపాడు. గద నీ చేతిలో లేదప్పా అన్నాడు.

"ఉండె," అన్నాడు మునిరత్నం.

అన్నాక మిగతాదీ వచ్చింది. ఆ రోజు అతను మేడ మీదికి వచ్చేసరికి అమర్‌నాథ్ చెన్నై వాళ్ళతో రాతల్లో మాట్లాడుతూ దొరికిపోయాడు. సాయం ఆపితే తర్వాతి యుద్ధంలో తమ జట్టులో చోటిస్తామని వాళ్ళు ఆశ పెట్టారు. మునిరత్నం బామ్మర్దిని కింద ఇంట్లోకి తీసుకెళ్ళి నాలుగు తిట్లు తిట్టాడు గానీ, బయటపెడితే ఇంట్లో కాపురం రచ్చ అవుతుందని భయపడ్డాడు. జట్టు ఎందుకు ఓడిందంటే ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా.

"ఇంటోడిని ఎట్లా బయటపెట్టేది భానూ. నువ్వు దూరంగా ఉండావు గదా, మాట పడినా నీకు రొంత గూడా తగల్దులే అనుకుంటి," అన్నాడు.

అమర్‌నాథ్ మొహం కందిపోయింది. గద లేకుండానే మాట్లాడాడు, ఈసారి ఎవరూ ఆపలేదు.

"నింద కరెంటు మీదికి పోతాదనుకుంటి అక్కా. నీ మీదికి వస్తాదనుకోలే."

"వచ్చినాక ఏం జేసినావు?"

భానుశ్రీ ఒక సంగతి గమనించుకుని ఆశ్చర్యపోయింది. అమర్‌నాథ్ మీద ఆమెకు పెద్ద కోపం రాలేదు. కోటలాటలో కోటలు అమ్మేసేవాళ్ళు, మాట తప్పేవాళ్ళు ఉంటారు. ఆ భయంతోనే ఆట ఆటగా ఉంటుంది. తనూ ఒకసారి సంధి చేసుకున్న వాడి గోడ దూకింది. కోపమంతా మునిరత్నం మీదే. అతను పొడిచింది ఆట అయిపోయాక, కోటను కాదు, ఆమెను. చక్రధర్ కూడా అదే అన్నాడు, ఆటలో పొడిస్తే ఆట అనుకుంటాం, ఆట ముగిసినాక పొడిస్తే దాన్ని ఏమనాలని. కాలేజీ పిల్లలు తమ చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళు కూడా ఆమె కబుర్లకు బదులివ్వని వాళ్ళే.

మునిరత్నం తేరుకోవడంలో ఆరితేరినవాడు. లేచి గదను రెండు చేతులతో ఆమెకు అందించాడు. వచ్చే యుద్ధంలో జట్టుకు నాయకురాలివి నువ్వే, అందరూ ఒప్పుకుంటారు, ఇంతటితో మరిచిపోదామన్నాడు. పిల్లలు సంతోషంగా తలలూపారు. ఒక నెల కిందటైతే ఆ మాటకు భానుశ్రీ పొంగిపోయేది. ఇప్పుడు గదను తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"గద తర్వాత చూద్దాం. తలుపు మాట యాడ రాసినావో ఆడనే రాయన్నా. ఇప్పుడే."

రేపు తీరిగ్గా రాస్తానన్నాడు. ఆమె కుర్చీ తెచ్చి కంప్యూటర్ పక్కన వేసింది. అతను కూర్చోక తప్పలేదు. మోడెం కూత పెట్టి లైను కలిసింది. బోర్డు తెరుచుకుంది. మునిరత్నం గొంతు సవరించుకుంటూ వేళ్ళు కదిపాడు. యుద్ధం హడావిడిలో ఒక పొరపాటు జరిగిందనీ, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే మన్నించాలనీ రాసుకుపోయాడు. ఏ పొరపాటు, ఎవరిది, ఎవరి మనసు అని భానుశ్రీ పక్క నుంచి అడుగుతూనే ఉంది. అతను వినపడనట్టు చివరి మాట కొట్టి, పంపే మీట మీద వేలు పెట్టబోయాడు.

కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగా ఆగింది. బల్ల కింద యూపీఎస్ కాసేపు కీచుమని అరిచి నోరుమూసుకుంది. దాని బ్యాటరీ చచ్చి చాన్నాళ్ళయింది. బ్రహ్మోత్సవాలు అయిపోయాయి కాబట్టి తిరుపతికి దాని కోతలు దానికి తిరిగి వచ్చాయి. మునిరత్నం మొహంలో కనపడిన ఊరటను అందరూ చూశారు. కరెంటు ఎప్పుడొస్తాదో ఏమో, నీకు బస్సులు దొరకవు, రేపు తప్పకుండా రాస్తాను, నా మాట మీద నమ్మకముంచు అన్నాడు.

భానుశ్రీ కుర్చీలో వెనక్కి జారి కూర్చుంది.

"వచ్చేదాకా కూర్చుంటానన్నా. ఆ పొద్దు గూడా కూర్చునే ఉంటి."

ఆ తర్వాత ఎవరికీ లేవడానికి మొహం చెల్లలేదు. కాలేజీ పిల్లలు కూడా ఉండిపోయారు. చక్రధర్ తడ బస్సు సంగతి మరిచిపోయినట్టు గోడకు చేరబడ్డాడు. గది ఉడికిపోతోంది. ప్రసన్నకుమారి పైకి వచ్చింది. మెట్ల మీద నిలబడి అంతా విందో ఏమో, తమ్ముడి వైపు గానీ మొగుడి వైపు గానీ చూడలేదు. విసనకర్ర తెచ్చి భానుశ్రీ పక్కన కింద కూర్చుని విసరసాగింది. ఇంట్లో రచ్చ అవుతుందని మునిరత్నం దేనికి భయపడ్డాడో అది ఇంత నిశ్శబ్దంగా అవుతుందని అతను అనుకుని ఉండడు.

ఎండ కిటికీలోంచి గోడ మీదికి పాకాక ఫ్యాను కదిలింది. మునిరత్నం కంప్యూటర్ వేశాడు. ఇందాక రాసిందంతా పోయింది. మళ్ళీ మొదటి నుంచి రాయాలి. అతను ఆమె వైపు చూడలేదు, ఆమె ఏమీ అడగలేదు. అంతసేపు ఉక్కలో కూర్చున్నాక పెద్ద మాటలు రాసే ఓపిక అతనికి మిగల్లేదు. ఈసారి చిన్నగానే రాశాడు. పూతలపట్టు కోట తలుపు ఎవరూ తెరవలేదు. సాయం పంపకుండా నిలిపింది మా బామ్మర్ది. అది తెలిసీ భానుశ్రీ మీద నింద వేసింది నేను. కింద తన పేరు పెట్టి మీట నొక్కాడు. అమర్‌నాథ్ వచ్చి వంగి, దాని కిందనే తన పేరూ పెట్టాడు.

భానుశ్రీ అక్షరం అక్షరం చదివింది. కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. ఇన్నాళ్ళూ గుండె మీద ఉన్న బస్తా దిగినట్టయింది. గద ఇంకా బల్ల మీదే ఉంది. మునిరత్నం దాని వైపు చూపించాడు. కనుమ కోట మళ్ళీ తనే కాస్తాననీ, సాయం పంపేవాళ్ళను మాత్రం ఈసారి తనే ఎంచుకుంటాననీ ఆమె చెప్పింది. గదను అతని దగ్గరే ఉంచమంది. మెట్లు దిగుతుంటే చక్రధర్ వెనకే వచ్చి, ఎంచుకునే వాళ్ళలో తన పేరుందా అని అడిగాడు. మొదటి పేరు అదేనంది.

పూతలపట్టు కూడలిలో బస్సు దిగేసరికి చెంగయ్య అంగడి తలుపులు సగం మూసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొద్దుగూకినా రాకపోతే భయపడడా మరి. సాయంత్రం నుంచి ఫోను తిప్పుతూనే ఉన్నానని కూతుర్ని కోప్పడ్డాడు.

"ఎన్ని తూర్లు జేసినా ఎంగేజే. ఏం జేస్తా ఉండ్రి అంతసేపు ఆడ?"

భానుశ్రీ నవ్వింది. ఆ నవ్వు చూసి చెంగయ్య కోపం సగం పోయింది.

"కరెంటు ఉండె నాయనా," అంది. "నా పేరు రాస్తా ఉండ్రి."